సెప్టిక్ ట్యాంక్ బండి నడపడానికి ట్రైనింగ్, సర్టిఫికెట్ నిజంగా అవసరమా?

మామయ్య బండి మీ చేతికొచ్చింది, పైపు వేయడం, పంపు నడపడం వచ్చు, ఇక క్లాసులెందుకు అని అడిగారు. వెళ్లండి. మీరొక్కరే కాదు, హెల్పర్‌ను కూడా తీసుకెళ్లండి.

నేను వరంగల్‌లో ఇదే పనిలో ఉన్నాను. మా కార్పొరేషన్ 2016లోనే మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది, అప్పటి నుంచే లైసెన్సు, ట్రైనింగ్ మాటలు మొదలయ్యాయి. క్లాసులో నా మనసులో బలంగా నాటుకున్నది గ్యాస్ గురించి చెప్పిన పాఠం. ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కే పనిచేయదు. వాసన లేదు కదా అని లోపలికి దిగినవాడు అక్కడే పడిపోతాడు, వాణ్ని లాగబోయి దిగినవాడూ పోతాడు. ఇలాంటి వార్తల్లో తరచూ ఇద్దరు ముగ్గురు చనిపోయి ఉండటానికి కారణం ఇదే. గుంత అంచున నిలబడేది ఓనర్ కాదు, హెల్పర్. అతనికి ఈ సంగతి తెలియకుండా మన పేరు మీద సర్టిఫికెట్ ఉండి లాభమేంటి?

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి ఇవ్వకుండా మనిషిని ట్యాంకులోకి దింపితే, మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంటివాళ్లు "అడుగున మడ్డి మిగిలింది, ఒక్కసారి దిగి తీసేయండి" అని ఒత్తిడి చేస్తారు. అడుగున కొంచెం మిగిలితేనే మంచిది, అందులోని బ్యాక్టీరియాతోనే ట్యాంకు మళ్లీ పని మొదలుపెడుతుంది. ఈ మాట ధైర్యంగా చెప్పగలగడం నాకు ట్రైనింగ్ తర్వాతే వచ్చింది.

నాకున్న బాధల్లా మేస్త్రీలను ఈ క్లాసులకు సరిగా పిలవకపోవడమే. వాళ్లు కట్టే ట్యాంకుల్లో మధ్య గోడ ఉండదు, గాలి గొట్టం ఉండదు, మూత మీద టైల్స్ వేసేస్తారు. అది పగలగొట్టి తెరిచే ప్రమాదం మన కుర్రాళ్లది.

చేరే ముందు ఒక్కటి అడగండి: నిజమైన ట్యాంకు దగ్గర చేసి చూపిస్తారా, స్లైడ్లతో సరిపెడతారా? మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను కలిసి, ఈ పని చేసే కార్మికుల కోసం కేంద్రం పెట్టిన నమస్తే పథకంలో హెల్పర్ పేరు రాయించండి, రక్షణ కిట్టు, ఆరోగ్య బీమా అందులో ఉన్నాయి. క్లాసు రోజుల కూలి మాత్రం అతనికి మీరే ఇవ్వండి, లేకపోతే రాడు.