“రూల్ ఒప్పుకోదు” అంటే ఆ రూల్ ఎక్కడుందో వెతకడం ఎలా?

ఆఫీసులో “రూల్ ఒప్పుకోదు” అని పంపించేస్తే, ఆ రూల్ నిజంగా ఉందో లేదో మనం ఎలా తెలుసుకోవాలని అడిగారు. మా మేనకోడలి కోసం నేను ఆ పని చేశాను, అదే చెబుతాను.

పాప జనన ధ్రువపత్రంలో పేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. తొమ్మిదేళ్లు వచ్చాక బడిలో అడిగితే అక్క ఆఫీసుకి వెళ్లింది. “ఏడాది దాటిపోయిందమ్మా, మేజిస్ట్రేట్ ఆర్డర్ తెచ్చుకోండి” అన్నారు. అక్క ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు.

నేను తిన్నగా జీవోల మీద, అంటే ప్రభుత్వ ఉత్తర్వుల మీద పడ్డాను. నాలుగు రోజులు వృథా. సచివాలయంలో పనిచేసిన స్నేహితుడు ఒకడు దారి చూపించాడు: “ముందు చట్టం చదవరా, తర్వాత దాని కింద వచ్చిన నిబంధనలు. జీవోలూ సర్క్యులర్లూ ఆ తర్వాతే.”

చట్టాలు ఉండే ప్రభుత్వ వెబ్‌సైట్ ఇండియా కోడ్‌లో 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం తెరిచాను. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలన్న మాట 13వ సెక్షన్‌లో ఉంది. కానీ అది పుట్టుకే నమోదు కానివాళ్లకి. పుట్టుక నమోదై, పేరు మాత్రం లేకపోతే ఏం చేయాలో ఆ పక్కనే 14వ సెక్షన్ చెబుతోంది. గడువు 1999 నాటి రాష్ట్ర నిబంధనల్లో దొరికింది: నమోదైన 12 నెలల్లోపు ఉచితం, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కడితే చాలు. రెండు పేజీలూ ప్రింట్ తీసి, ఆ వాక్యాల కింద పెన్సిల్‌తో గీత గీసి తీసుకెళ్లాను. గుమస్తాగారు రెండుసార్లు చదివి, “ఇది వేరే సెక్షనండీ, నేను దానితో కలిపేశాను” అని దరఖాస్తు తీసుకున్నారు. వాదించాల్సిన పనే రాలేదు. అందుకే ఎవరినైనా ముందు “ఏ చట్టం, ఏ సెక్షన్ అండీ?” అని మర్యాదగా అడగండి. చెప్పిన సెక్షన్‌తో పాటు దాని ముందూ వెనకా ఉన్నవి కూడా చదవండి.

జీవో చూడాల్సి వస్తే పైభాగం వదలకండి. అంతకుముందు వచ్చిన జీవోల నంబర్లు, తేదీలు వరసగా అక్కడే ఉంటాయి. అవి పట్టుకుని వెనక్కి వెళితే అసలు ఉత్తర్వు దొరుకుతుంది. తర్వాత సవరణ వచ్చిందేమో కూడా చూసుకోవాలి. తెలంగాణ వాళ్లు 2014 జూన్ 2కి ముందటి ఉమ్మడి రాష్ట్ర జీవోలను పాతవని వదిలేయకూడదు, మార్చనివి ఇంకా అమల్లోనే ఉంటాయి.

ఎక్కడా దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. “నా పని ఎందుకు చేయలేదు” అని రాయొద్దు, “ఫలానా కారణంతో తిరస్కరించడానికి ఆధారమైన నిబంధన ప్రతి ఇవ్వండి” అని రాయండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

మీ పని ఏ శాఖలో ఆగిందో, వాళ్లు అన్న మాట ఏమిటో ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి. ఏ చట్టం తెరవాలో కలిసి చూద్దాం.