అల్లుడూ, బీరు పొంగితే కంగారు పడకు

ఒరే అల్లుడూ,

నువ్వు ఇంట్లో బకెట్‌లో కాస్తున్న బీరు పొంగిపోయిందని పంపిన ఫొటోలు చూశాను. సీలింగ్ మీద ఆ గోధుమరంగు మరక, గోడ మీద జారుతున్న హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు) ముక్కలు, ఎక్కడో మూలకి ఎగిరిపడ్డ ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి పోనిచ్చి, బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న పరికరం) మూత, అన్నీ చూశాక ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత మీ అమ్మ ఫోన్ వచ్చింది. "నేర్పింది నువ్వేగా, వచ్చి గోడ కూడా నువ్వే కడుగు" అంది. సరే, మా అక్క సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు "బీరు పాడైపోయినట్టేనా మామయ్యా, పారబోసెయ్యనా" అని అడిగావు చూడు, దానికి ముందు జవాబు చెప్తాను: పారబోయకు. ఈస్ట్ ఆరోగ్యంగా ఉంది, ఆకలి మీద ఉంది, తినడానికి కావలసినంత చక్కెర దొరికింది, అంతకు మించి అక్కడ జరిగిందేమీ లేదు. నీకు పోయింది ఒక లీటరో, లీటరున్నరో. మిగతాది నువ్వు గాభరాపడి కెలక్కపోతే బాగానే వస్తుంది.

ముందు ఇవాళ రాత్రి చేయాల్సిన పని. నురుగు ఇంకా వస్తూనే ఉంది అన్నావు కాబట్టి అదే ఎయిర్‌లాక్‌ని కడిగి మళ్ళీ పెట్టి పడుకోకు, తెల్లారేసరికి మళ్ళీ పూడుకుపోతుంది. ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి మెతుకు అడ్డం పడితే ఏమవుతుందో నీకు తెలుసు కదా, ఇక్కడ ఆ మెతుకు పని హాప్స్ తుక్కు చేస్తుంది. మూత మధ్యలో ఉబ్బి కనిపించిందంటే లోపల ప్రెషర్ ఉన్నట్టే. అప్పుడు దాని మీదికి వంగి చూడొద్దు, ఎయిర్‌లాక్‌ని ఒక్కసారిగా లాగొద్దు. బకెట్ మీద ఒక పాత టవల్ కప్పి, మొహం పక్కకి తిప్పుకుని, మూతని ఒక అంచు దగ్గర కొద్దికొద్దిగా వదులు చెయ్. బుస్సుమని గాలి పోతుంది, పోనీ. అది తగ్గాకే ఎయిర్‌లాక్ తియ్యి. నీది ప్లాస్టిక్ బకెట్ కాబట్టి మూత ఎగిరి పోయింది, గాజు కార్బాయ్ (సన్న మూతి ఉన్న పెద్ద సీసా) అయ్యుంటే ఈ ఉత్తరం ఇంత సరదాగా ఉండేది కాదు. మూతి బిగుసుకుపోయిన గాజు పాత్ర పగిలితే గాజుపెంకులు ఎటు వస్తాయో ఎవరూ చెప్పలేరు.

ఎయిర్‌లాక్ బదులు ఒక లావు గొట్టం పెట్టాలి, దాని సంగతి కింద చెప్తాను; అది దొరికేదాకా శానిటైజర్‌లో (బీరు సామాన్లకి వాడే క్రిమిసంహారక ద్రవం, చేతులకి రాసుకునేది కాదు) ముంచిన అల్యూమినియం ఫాయిల్ ముక్కని మూతలో ఎయిర్‌లాక్ పెట్టే కన్నం మీద వదులుగా వేసి ఉంచు. "బయటి క్రిములు లోపలికి పోవా?" అంటావు. ఇంత జోరుగా గ్యాస్ బయటికి తోసుకొస్తున్నప్పుడు లోపలికి పోయేదానికి దారేది? ఆ జోరు తగ్గాక మాత్రం ఫాయిల్‌తో సరిపెట్టకు.

ఇప్పుడు గొట్టం సంగతి. దీన్ని బ్లో-ఆఫ్ ట్యూబ్ అంటారు. కిట్‌తో పాటు రాదు కాబట్టి కొత్తవాళ్ళకి దాని సంగతే తెలియదు, నా లెక్కలో మాత్రం ఎయిర్‌లాక్ కంటే ఇదే ముఖ్యం. మూత కన్నంలో గట్టిగా పట్టేంత లావు గొట్టం చూసుకో, ఒక కొస అక్కడ బిగించి, రెండో కొసని సగం దాకా శానిటైజర్ పోసిన పెద్ద సీసాలో రెండు మూడు సెంటీమీటర్లు మునిగేలా పెట్టు. సీసా బకెట్ కంటే కిందే ఉండాలి. సన్న గొట్టం కొంటే డబ్బు దండగ, అది కూడా ఎయిర్‌లాక్ లాగే పూడుకుపోతుంది, దొరికినంతలో లావుదే తీసుకో. కార్బాయ్‌లో కాచే రోజు వస్తే దాని మూతిలో నేరుగా దిగే, లోపల ఒక అంగుళం వెడల్పున్న గొట్టం వాడు, ఇక ఏ తుక్కూ దానికి అడ్డం పడదు. గొట్టంలో ఎక్కడా మడత పడకుండా చూసుకో. మూడు ముక్కల ఎయిర్‌లాక్ ఉంటే పై మూత, లోపలి గిన్నె తీసేసి మధ్యలో కాడకి గొట్టం తగిలించేవాళ్ళూ ఉన్నారు, ఆ కాడే సన్నం కాబట్టి హాప్స్ ఎక్కువేసిన బీరుకి నేను దాన్ని నమ్మను.

ఈ గొట్టానికి ఒకే ఒక్క చిక్కు. బీరు చల్లబడినప్పుడు లోపలి గాలి కుంచించుకుపోయి సీసాలో ఉన్న శానిటైజర్‌ని వెనక్కి లాగుతుంది. అందుకే పొంగు అణిగాక, ఫ్రిజ్‌లో పెట్టడానికి ముందే, గొట్టం తీసేసి శుభ్రమైన ఎయిర్‌లాక్ పెట్టెయ్.

అసలు ఎంత గ్యాస్ వస్తుందో ఎప్పుడైనా లెక్కేశావా? 20 లీటర్ల వోర్ట్ (ఇంకా బీరు కాని తీపి మాల్ట్ నీళ్ళు) సాంద్రత 1.050 దగ్గర మొదలై, ఈస్ట్ చక్కెర తినేకొద్దీ 1.010 దాకా దిగిందనుకో, 400 లీటర్ల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ బయటికి రావాలి. అందులో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే వచ్చేస్తుంది. కాబట్టి దాన్ని ఆపుదామని మూత మీద బరువులు పెట్టడం, టేపు చుట్టడం లాంటి తెలివితేటలు చూపించకు. ఇంకో మాట, నువ్వు బకెట్ పెట్టింది తలుపు మూసిన చిన్న స్టోర్ రూమ్‌లో అన్నావు. తలుపు తీసి ఉంచు, కాస్త గాలాడనీ. ఆ గ్యాస్ గాలికంటే బరువు, కిందనే పేరుకుంటుంది. మూత తీసి బకెట్‌లో తల పెట్టి వాసన చూసే సరదా కూడా వద్దు, ఒక్క పీల్పుకే ముక్కు మండి కళ్ళు తిరుగుతాయి.

అసలు విషయానికి వస్తాను. గోడ మీద మరక అందరికీ కనిపిస్తుంది, కనిపించనిది వేడి, నీ బీరుకి నిజంగా నష్టం చేసేది అదే. ఈస్ట్ చక్కెర తినేటప్పుడు వేడి పుడుతుంది, దాంతో గది కంటే బీరు మూడు నాలుగు డిగ్రీలు, బాగా జోరు మీద ఉంటే ఇంకా ఎక్కువే వేడిగా ఉంటుంది. గదిలో 26 డిగ్రీలు అన్నావు, అంటే బకెట్ లోపల 30 దాకా పోయే ఉంటుంది. వేడెక్కేకొద్దీ ఈస్ట్ ఇంకా వేగంగా తింటుంది, వేగంగా తినేకొద్దీ ఇంకా వేడి, ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోయి చివరికి నీ సీలింగ్ దాకా వచ్చింది. మామూలు ఏల్ (వెచ్చగా పులియబెట్టే బీరు రకం) ఈస్ట్‌లకి 18 నుంచి 20 డిగ్రీలు హాయి. అంతకు బాగా పైకి పోతే ఫ్యూసెల్ ఆల్కహాల్స్ అనేవి తయారవుతాయి, గొంతులో మంటగా, నెయిల్ పాలిష్ రిమూవర్ గుర్తొచ్చే ఘాటుతో ఉంటుంది ఆ బీరు. నువ్వు వేసింది గోధుమ బీరు ఈస్ట్, దాని సహజగుణమే అరటిపండు వాసన, వేడి ఎక్కువైతే మిగతా రుచులన్నీ దాని కింద అణిగిపోతాయి.

అందుకని బకెట్‌ని ఒక పెద్ద టబ్‌లో పెట్టి, సగం ఎత్తుదాకా నీళ్ళు పొయ్యి. ఒక పాత కాటన్ టీషర్టు తడిపి బకెట్‌కి తొడుగు, దాని అంచు నీళ్ళలో మునిగి ఉండాలి, ఎదురుగా చిన్న ఫ్యాన్ పెట్టు. ఇంకా తగ్గాలంటే నీళ్ళు గడ్డకట్టించిన ప్లాస్టిక్ బాటిల్స్ రెండు ఉదయం, రెండు రాత్రి టబ్‌లో వేస్తూ ఉండు. బీరులో కాదు, టబ్‌లో! బకెట్ గోడకి అంటించే థర్మామీటర్ స్ట్రిప్ కొనుక్కో, గది గోడకున్న థర్మామీటర్ చూసి బీరు సంగతి తేల్చుకోకు.

అలాగని ఒక్క రాత్రిలో 30 నుంచి 18కి దింపేద్దామని చూడకు. ఈస్ట్‌కి అలాంటి షాక్ తగిలితే పని ఆపేసి అడుగుకి చేరుతుంది, తర్వాత బీరు సగంలో ఆగిపోయిందని మళ్ళీ నాకే ఫోన్ చేస్తావు. పూటకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున దించు. ఈ కాపలా అంతా మొదటి మూడు రోజులే, నాలుకకి తెలిసే మంచీ చెడూ చాలావరకు అప్పుడే ఖాయమైపోతాయి. పొంగు దిగాక మాత్రం దాన్ని చల్లగా ఉంచాలని పట్టుపట్టకు, 20, 22 దాకా ఎక్కనీ, మిగిలిన పని శుభ్రంగా పూర్తి చేసుకుంటుంది.

వచ్చేసారికి రెండు మాటలు. 25 లీటర్ల బకెట్‌లో 22 లీటర్లు పోశావు, పైన ఖాళీ ఏదీ? గోధుమలో ప్రోటీన్ ఎక్కువ, దాని నురుగు ఎత్తుగా లేస్తుంది, గట్టిగా నిలబడుతుంది కూడా. అలాంటి బీరుకి పావు వంతు ఖాళీ వదలాల్సిందే, అంటే ఈ బకెట్‌కి 19 లీటర్లు దాటొద్దు. రెండోది, వోర్ట్ చేతికి గోరువెచ్చగా తగులుతుండగానే ఈస్ట్ వేసేశానన్నావు, అక్కడే దాని జుట్టు నీ చేతిలోంచి జారిపోయింది. 18కి దిగేదాకా ఆగు. రాత్రికి దిగకపోతే మూతపెట్టి పొద్దున వెయ్యి, శుభ్రత పాటించావంటే ఒక్క రాత్రికి ఏమీ కాదు. 20 లీటర్ల మామూలు బీరుకి 11 గ్రాముల ప్యాకెట్ ఒకటి చాలు, తొందరగా అవుతుందని రెండు వెయ్యకు.

నురుగు అణిచే చుక్కలు కూడా అమ్ముతారు, సిమెథికోన్ ఉంటుంది వాటిలో. పనిచేస్తాయి, వాడినా తప్పులేదు, కానీ వాటితో బీరు వేడి తగ్గదు కాబట్టి ఒక్క చుక్కల మీదే ఆధారపడకు. ఇక క్వైక్ అని నార్వే పల్లెల ఈస్ట్ ఒకటుంది, అది 30, 35 డిగ్రీల్లో కూడా ఏ ఘాటూ లేకుండా కులాసాగా పనిచేస్తుంది. బకెట్‌ని చల్లగా ఉంచడం నీ వల్ల కాదనుకుంటే దాంతో కాచుకో, నేనేమీ అనను. దానికీ గొట్టం మాత్రం తప్పదు.

పొంగుతున్నప్పుడు చక్కెర గానీ, ఎండు హాప్స్ గానీ మీదనుంచి కుమ్మరించకు. బీరులో కరిగి ఉన్న గ్యాస్ అంతా ఒక్కసారిగా లేచి ఫౌంటెన్ అవుతుంది. అంతగా చక్కెర కలపాలనిపిస్తే, పొంగు దిగాక, నీళ్ళలో కాచి చల్లార్చిన పాకంగా మెల్లగా పొయ్యి.

ఇంత జోరు చూశాక రేపో ఎల్లుండో బుడగలు ఆగిపోతాయి, "అయిపోయింది, సీసాల్లో పోసేస్తా" అంటావు, నాకు తెలుసు. బుడగల్ని నమ్మకు, మూత వదులుగా ఉన్నా అవి ఆగుతాయి. హైడ్రోమీటర్‌తో (ఆ సాంద్రత కొలిచే సాధనం) చూడు, రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసినా అదే నంబర్ రావాలి. చక్కెర మిగిలి ఉండగా సీసా మూత బిగిస్తే ఇవాళ బకెట్‌లో జరిగిందే సీసాల్లో జరుగుతుంది, అవి గాజువి, పేలితే టవల్ కప్పినా లాభం లేదు. సీసాలో పోసేటప్పుడు బీరుకి గ్యాస్ పట్టడానికి లీటరుకి 6, 7 గ్రాముల చక్కెర చాలు, చెంచాతో ఉజ్జాయింపుగా వెయ్యకు, తూకం వెయ్యి.

బకెట్ లోపల అంచుకి అట్టకట్టిన నురుగుని గీకి లోపలికి తోయకు, అది చేదు, అక్కడే ఉండనీ. గోడ మాత్రం మీ అమ్మ మళ్ళీ ఫోన్ చేసేలోపు తుడిచెయ్, తడిగా ఉండగా వేణ్ణీళ్ళ గుడ్డకి వస్తుంది, ఎండితే ఆక్సిజన్ క్లీనర్ నానబెట్టాల్సొస్తుంది. రాత్రి పడుకునే ముందు స్ట్రిప్ మీద ఎంత చూపిస్తోందో ఫొటో తీసి పంపు, దాన్ని బట్టి ఐస్ బాటిల్స్ ఎన్ని వెయ్యాలో చెప్తాను.

మీ మామయ్య