షింజుకులో ఎక్కడ తినాలంటే, నేల మీద మాత్రం వెతక్కండి

అడిగింది ఇదీ: "భార్యాభర్తలం, ఏడేళ్ల బాబు, మా అమ్మ. టోక్యోలో నాలుగు రోజులుంటాం, బస షింజుకులో. అమ్మ శుద్ధ శాకాహారి. మేం చికెన్, చేప తింటాం, బీఫ్ ముట్టం. దగ్గర్లో మంచి రెస్టారెంట్లు నాలుగు చెప్పండి."

నాలుగు పేర్లు చెప్పడం ఎంతసేపు. అవి పట్టుకుని మీరు ఫోన్లో మ్యాప్ తెరుస్తారు, నీలం చుక్క సరిగ్గా ఆ పేరు మీదే నిలబడుతుంది, చుట్టూ చూస్తే మందుల షాపు, బూట్ల షాపు తప్ప ఏమీ కనబడదు. ఎందుకంటే మీరు వెతికే రెస్టారెంటు మీ నెత్తి మీద ఏడో అంతస్తులోనో, కాళ్ల కింద రెండో బేస్‌మెంట్‌లోనో ఉంటుంది. చుక్కకి అంతస్తులు తెలియవు. అందుకే బిల్డింగు పక్క గోడకి నిలువుగా వేలాడే బోర్డుల వరస చూడాలి. దాని మీద ఏడు పక్కన 'ఎఫ్' ఉంటే ఏడో అంతస్తు, 'బీ' పక్కన ఒకటి ఉంటే మెట్లు దిగాలి. షింజుకులో తినడానికి నా సూత్రం ఒక్కటే: సాధారణంగా రోడ్డు మట్టానికి కనిపించేవాటి జోలికి పోకండి. పైకెక్కండి, లేదా కిందికి దిగండి.

షింజుకు స్టేషన్‌కి రెండొందలకు పైగా దారులు, రోజుకు సుమారు ముప్పై లక్షల జనం. కాబట్టి ఎక్కడ తినాలన్నది ఎటు నుంచి బయటపడ్డారన్న దాని మీద ఉంటుంది. తూర్పు ఎగ్జిట్‌కీ పడమర ఎగ్జిట్‌కీ మధ్య టికెట్ లేకుండా అడ్డంగా నడిచి వెళ్లే దారి 2020లో తెరిచారు. అంతకుముందు ఒకసారి తప్పు వైపు తేలితే స్టేషన్ చుట్టూ తిరిగి రావడమే. పాత బ్లాగుల్లో ఇంకా ఆ చుట్టుదారే రాసి ఉంటుంది, నమ్మకండి. పడమర వైపు ఒడాక్యూ డిపార్ట్‌మెంట్ స్టోర్ పెద్ద బిల్డింగు కూడా 2022లో మూసేశారు. దాంట్లో తినండని చెప్పే వీడియోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

మీకు బాబూ పెద్దావిడా ఉన్నారు కాబట్టి రెండు పూటలైనా డిపార్ట్‌మెంట్ స్టోర్ పై అంతస్తుల్లో తినండి. దక్షిణం వైపు తకాషిమాయా 12, 13, 14 అంతస్తులు మొత్తం రెస్టారెంట్లే. తూర్పు ఎగ్జిట్ నెత్తి మీదే ఉన్న లుమినే ఎస్ట్ అనే షాపింగ్ బిల్డింగులో 7, 8. ఇవి "టూరిస్టు చోట్లు" అని ముక్కు విరిచేవాళ్లున్నారు. వాళ్లెవరూ మోకాళ్ల నొప్పులున్న అమ్మని తీసుకుని మెట్లున్న సందుల్లో తిరిగినవాళ్లు కాదు. పైన లిఫ్టు ఉంటుంది, బాత్రూం ఉంటుంది, పిల్లల కుర్చీ అడిగితే ఇస్తారు. గాజు అద్దంలో ప్లాస్టిక్ నమూనాలు ధరలతో సహా పెట్టి ఉంటాయి, వేలుపెట్టి చూపిస్తే సరిపోతుంది. చిన్న దుకాణాలు చాలావరకు మధ్యాహ్నం రెండున్నర, మూడింటికి మూసి మళ్లీ ఐదింటికి తెరుస్తాయి. మన అలవాటు ప్రకారం రెండు దాటాక ఆకలేస్తే ఆ సమయంలో దిక్కు ఈ పై అంతస్తులే.

వెళ్లాల్సిన టైము పదకొండుంబావు. పన్నెండింటికల్లా తలుపు బయట కుర్చీలు నిండిపోతాయి. తలుపు దగ్గర కాగితం ఉంటే పేరూ ఎంతమందో రాయాలి. వెంకటసుబ్రహ్మణ్యం లాంటివి రాస్తే పిలిచే అమ్మాయి ఆ పేరు దాటేసి తర్వాతి వాళ్లని పిలిచినా ఆశ్చర్యం లేదు. "రావు" అనో "రవి" అనో రాయండి. పిలిచినప్పుడు అక్కడ లేకపోతే వరస పోయినట్టే. ఇంకో సంగతి, పగలు లంచ్ సెట్‌గా వచ్చేదే రాత్రి బాగా ఎక్కువ ధరకి వస్తుంది. ఖరీదైనది తినాలనుంటే పగలే తినేయండి, రాత్రికి తేలిగ్గా కానివ్వండి.

ఇక మీరిద్దరూ రామెన్ (పులుసులో వేసిచ్చే నూడుల్స్) తినాలనుకుంటారు కదా. అక్కడ మనవాళ్లు తడబడేది తిండి దగ్గర కాదు, తలుపు పక్కనుండే టికెట్ మెషీన్ దగ్గర. పద్ధతి మన టిఫిన్ సెంటర్ టోకెన్ లాంటిదే: ముందు డబ్బు, తర్వాత తిండి. పాత రకం మెషీన్‌లో నోటు పెట్టేదాకా బటన్లు పనిచేయవు. వెయ్యి యెన్‌ల నోటు పెట్టగానే ఆ డబ్బుకి వచ్చేవాటి మీద దీపం వెలుగుతుంది. వెలగకపోతే డబ్బు చాలలేదని. ఎర్రగా వెలిగితే ఆ పూటకి అయిపోయిందని. చాలా మెషీన్లు వెయ్యి నోటు తప్ప తీసుకోవు. అందులోనూ 2024 జూలైలో వచ్చిన కొత్త నోట్లని కొన్ని పాత మెషీన్లు ఇప్పటికీ ఉమ్మేస్తాయి. కాబట్టి కన్వీనియెన్స్ స్టోర్‌లో ఏదో చిన్నది కొని ముందే చిల్లర చేయించుకోండి. ఏది నొక్కాలో తెలియకపోతే ఎడమ చేతి పై మూల బటన్ నొక్కండి, సాధారణంగా ఆ దుకాణం పేరు మోసిన వంటకం అదే. ఉడికించిన గుడ్డు కావాలంటే దానికి వేరే బటన్. అన్నీ అయ్యాక చిల్లర దానంతటది రాలేదంటే పక్కనున్న మీటని తిప్పాలి. ఆ మీట సంగతి తెలియక లోపలికి వెళ్లిపోతే మీ మిగులు వెనకవాడి భోజనంలో కలుస్తుంది. వెనక ఎనిమిది మంది నిలబడి ఉంటే చేతులు వణుకుతాయి. అలాంటప్పుడు పక్కకి తప్పుకుని ముందు వాళ్లని పోనిచ్చి, వాళ్లేం చేస్తున్నారో చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు.

చీటీ కౌంటర్ మీద పెట్టగానే వాళ్లొక ప్రశ్న అడుగుతారు. నిలబడి తినే సోబా కొట్లో అయితే సోబానా (బక్‌వీట్ పిండి సన్న నూడుల్స్) ఉడోన్‌నా (లావు గోధుమ నూడుల్స్) అని. త్సుకెమెన్ కొట్లో అయితే ఎంత పరిమాణమని. త్సుకెమెన్ అంటే చల్లటి నీళ్లలో కడిగిన లావు నూడుల్స్ ఒక గిన్నెలో, చిక్కటి వేడి పులుసు ఇంకో గిన్నెలో వేరుగా ఇస్తారు. సాంబారు ఇడ్లీ మీద పోసినట్టు ఆ పులుసంతా నూడుల్స్ మీద పోశారో, చెడగొట్టుకున్నట్టే. అది ఉప్పుగా, ముంచుకుని తినడానికి చేసిన పులుసు. రెండు మూడు పోగులు సగం దాకా ముంచి జుర్రాలి. చివర్లో పులుసు మిగిలితే "సూప్ వరి" అనండి, పలచటి వేడి రసం కలిపి ఇస్తారు, అప్పుడు తాగొచ్చు. ఈ పులుసులన్నింట్లో పంది ఎముకలు, ఎండుచేప సర్వసాధారణం. పంది వద్దనుకుంటే "తోరి పైతాన్" అని కోడి పులుసు రామెన్ దొరుకుతుంది, మీద వేసే మాంసం ముక్క మాత్రం పందిదే కావచ్చు, అడగాలి.

అమ్మగారి విషయానికొద్దాం. ఇక్కడ "వెజిటేరియన్" అన్న మాట ఒక్కదాన్నీ నమ్ముకోకండి. "నికు" అంటే మాంసం. "నికు వద్దు" అంటే మాంసం ముక్కలు తీసేసి, చేప పులుసులోనే కూరగాయలు వేసి ఎంతో మర్యాదగా తెచ్చిస్తారు, అందులో మోసమేమీ లేదు. అసలు చిక్కు దాషిలో ఉంది. దాషి అంటే ఎండబెట్టి పొగబెట్టిన కత్సువో చేపని చెక్కుపొరలుగా తీసి కాచిన రసం. సోబా పులుసు, ఉడోన్ పులుసు, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపు, ఉడికించిన కూరలు, టెంపురా (బజ్జీల్లాంటివి) పక్కనిచ్చే సాస్, ఆఖరికి ఇనారీ సూషీ పైనుండే తోఫు తొడుగు కూడా దాంట్లో నానిందే. కాబట్టి చెప్పాల్సిన వాక్యం: "నికు, సకానా, కత్సువో దాషి, తబెరరెమసెన్." మాంసం, చేప, కత్సువో రసం తినలేనని. ఫోన్లో జపనీస్‌లో రాసి పెట్టుకుని చూపిస్తే ఇంకా మంచిది.

ఆవిడ తినగలిగేవి ఇవీ. దోసకాయ సూషీ రోల్, ఎడమామే (పచ్చి సోయా) కాయలు, ఉప్పు మాత్రం వేసిన అన్నం ముద్ద. ఆ ముద్దని "షియో ముసుబి" అంటారు, అన్నింటికన్నా నిర్భయం అదే. ఉమే (పుల్లటి జపాన్ పండు) ఊరగాయ పెట్టిన ముద్దలో ఒక్కోసారి కత్సువో కలుపుతారు, కవరు వెనక కెమెరా అనువాదం పెట్టి చూడాలి. టెంపురాకి తూర్పు ఎగ్జిట్ వైపు త్సునాహాచి ఉంది, 1924 నుంచి నడుస్తోంది. కూరగాయల టెంపురా అడిగి, సాస్ బదులు "షియో" అంటే ఉప్పుతో తినొచ్చు. కాకపోతే టెంపురా పిండిలో మామూలుగా గుడ్డు ఉంటుంది, రొయ్యలు వేగిన నూనెలోనే కూరగాయలూ వేగుతాయి. ఆవిడకి అది పట్టింపైతే అక్కడికి తీసుకెళ్లకండి.

మూడు పూటలూ ఈ వెతుకులాట ఎందుకు. కన్వీనియెన్స్ స్టోర్‌లో రెండొందల గ్రాముల అన్నం ప్యాకెట్ దొరుకుతుంది, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు. నాలుగొందల గ్రాముల పెద్ద డబ్బాలో తీపి లేని పెరుగు దొరుకుతుంది. చిన్న కప్పుల్లోది ఎక్కువగా తియ్యటిదే, పెద్ద డబ్బాలో ప్లెయిన్ అన్నదే తీసుకోండి. జపాన్ అన్నం జిగురుగా ఉంటుందని పప్పుకి నచ్చదు గానీ, పెరుగన్నానికి అంతకన్నా మంచి అన్నం లేదు. ఆవకాయ సంగతి మీకు చెప్పనక్కర్లేదు, సూట్‌కేసులో ఉండే ఉంటుంది.

బీఫ్ విషయంలో మూడు పదాలు చాలు: గ్యూ అంటే ఆవు, బుతా పంది, తోరి కోడి. గ్యూదోన్ (అన్నం మీద బీఫ్) గిన్నెలు కళ్లకి కనిపిస్తాయి కాబట్టి తప్పించుకుంటారు. కనిపించనివి హంబాగు (ఖీమా ముద్ద), మెంచి కత్సు (వేయించిన ఖీమా కట్లెట్). ఈ రెంటిలో తరచుగా ఆవు, పంది మాంసాలు కలిపి దంచుతారు. జపాన్ కర్రీ అయితే పైన కోడి ముక్క ఉన్నా, ఆ చిక్కటి గ్రేవీ కోసం కరిగించే మసాలా దిమ్మలో చాలాసార్లు పశువుల కొవ్వే ఉంటుంది. మనవాళ్లు "చికెన్ కర్రీ కదా" అని ధైర్యంగా లాగించేది ఇక్కడే.

కర్రీ తినాలనుంటే తూర్పు ఎగ్జిట్ ఎదురుగా నకమురాయా బిల్డింగుకి వెళ్లండి, రెండో బేస్‌మెంట్‌లో మన్నా అని ఉంటుంది. 1912లో ఢిల్లీలో వైస్రాయి హార్డింజ్ మీద బాంబు పడిన కేసులో బ్రిటిష్‌వాళ్లు వెతుకుతున్న రాస్ బిహారీ బోస్ 1915లో జపాన్ చేరాడు. అతన్ని దాచిపెట్టింది ఈ నకమురాయా రొట్టెల దుకాణం దంపతులే. వాళ్లమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. 1927లో అదే దుకాణం రెస్టారెంటు తెరిచినప్పుడు అతను నేర్పిన ఎముకలతో ఉండే కోడికూర పెట్టారు. ఇప్పటికీ అదే పెద్ద పేరు. రెండు వేల యెన్‌లకు అటూ ఇటూ అవుతుంది. గుంటూరు కారం ఆశించకండి. పక్కనిచ్చే ఊరగాయ ముక్కల్లాంటివి కలుపుకుంటూ నెమ్మదిగా తింటే బాగుంటుంది.

మెనూ మీద చేటంత నాన్ బొమ్మ ఉన్న "ఇండియన్ రెస్టారెంట్లు" సందుకొకటి ఉన్నాయి. నాన్‌లో చక్కెర, బటర్ చికెన్‌లో ఇంకాస్త చక్కెర. జపాన్‌వాళ్ల నాలుకకి తగ్గట్టు చేసినవి, వాళ్లకి బాగానే ఉంటాయి. రెండో రోజుకే మనసు మసాలా మీదికి పోతే యమనోతే లైన్ రైల్లో ఒక్క స్టేషన్, షిన్-ఒకుబో. నడిచినా పావుగంట. అక్కడ హలాల్ దుకాణాల సందులో బిర్యానీ, నేపాలీ దాల్‌భాత్, పచ్చిమిర్చి, కందిపప్పు అన్నీ దొరుకుతాయి. పక్క వీధంతా కొరియా తిళ్లు, ఆదివారం జనంతో అటు అడుగు పెట్టలేరు.

సాయంత్రం సంగతి చెప్పి వదిలేస్తా. పడమర వైపు పట్టాల పక్కనున్న ఒమోయిదె యోకోచో యుద్ధం తర్వాత నల్లబజారుగా పుట్టిన సందు. బొగ్గుల మీద కోడి పుల్లలు కాలుస్తుంటారు. కొట్టుకి ఏడెనిమిది స్టూళ్లు, వీపు వెనక జనం రాసుకుంటూ పోతారు. బాబుతో వద్దు, మీరిద్దరూ వెళ్లండి. మనిషికొక డ్రింకు తీసుకోవాలి, టీ అయినా పర్లేదు. అడక్కుండా చిన్న గిన్నెలో ఏదో పెడతారు, దాన్ని ఒతోషి అంటారు, మూడు నాలుగొందలు బిల్లులో పడుతుంది. అది మోసం కాదు, కుర్చీ అద్దె లాంటిది. కోడి తొడ ముక్కలకి "మోమో", ఉల్లికాడలతో కావాలంటే "నెగిమా". "మోత్సు" అని ఉంటే పేగులు, బోటీ రకం. గోల్డెన్ గై అనే బార్ల సందుల్లో బార్లు చిన్నవి, కూర్చున్నందుకే డబ్బు వేసేవి చాలా ఉన్నాయి, తలుపు మీద రాసింది చదివాకే లోపలికెళ్లండి.

మోసం వేరే ఉంది. కబుకిచో అనే రాత్రి వినోదాల పేటలో మీ పక్కనే నడుస్తూ, ఇంగ్లిష్‌లో పలకరిస్తూ, "గంటకి ఇంతే, ఎంతైనా తాగండి" అనేవాడి వెంట వెళ్లకండి. అలా పిలవడమే అక్కడ నిషేధం, మైకుల్లో రోజంతా హెచ్చరిస్తూనే ఉంటారు. పిలిచే ధర ఒకటి, బిల్లులో సీటుకీ సర్వీసుకీ వారాంతానికీ కలిపి వేసే ధర ఇంకొకటి. తిండి బాగున్న దుకాణానికి రోడ్డు మీద మనిషిని పెట్టుకునే అవసరమేమిటి?

ఒక పూట మాత్రం ఏ రెస్టారెంటుకీ వెళ్లకండి. ఇసెతాన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ బేస్‌మెంట్‌లో తిండి దుకాణాలు పొద్దున పదింటికి తెరుస్తాయి. నలుగురికీ తలొక రకం కట్టించుకుని షింజుకు గ్యోయెన్ తోటకి నడవండి. టికెట్ 500 యెన్‌లు, బాబుకి ఉచితం, అమ్మగారికి 65 దాటితే 250, వయసు కోసం పాస్‌పోర్టు చూపించాలి. మందు లోపలికి రానివ్వరు, మామూలుగా సోమవారం మూత. ఖాళీ డబ్బాలు వేయడానికి దారిలో చెత్తబుట్ట కనపడదు, ఒక సంచి వెంట ఉంచుకోండి. ఇదే తిండిని తీసుకెళ్లి తింటే పన్ను 8 శాతం, దుకాణంలోనే కూర్చుని తింటే 10.

ఎయిర్‌పోర్టు బస్సులో వస్తుంటే మిమ్మల్ని బస్తా షింజుకు అనే బస్ టెర్మినల్ మూడో అంతస్తులో దింపుతారు, తకాషిమాయా దాని పక్కనే. కానీ సూట్‌కేసులతో నేరుగా 12వ అంతస్తుకి ఎక్కకండి, ముందు బసలో పడేసి రండి. ఆ రెస్టారెంట్లలో బల్లకీ బల్లకీ మధ్య పెద్ద పెట్టె పట్టే చోటు ఉండదు.