కాన్పు అయిపోతే తల్లికి గండం గడిచినట్టేనా?

కాదు, బిడ్డ పుట్టాక కూడా తల్లి ప్రాణానికి ముప్పు ఉంటుంది, ముఖ్యంగా మొదటి 24 గంటల్లో. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి దాదాపు అర లీటరు రక్తం వెళ్తుంటుంది. మాయ ఊడిపోయాక అక్కడి రక్తనాళాలు తెరుచుకునే ఉంటాయి. గర్భసంచి కండరం గట్టిగా బిగుసుకుని వాటిని నొక్కేస్తేనే రక్తం ఆగుతుంది. అది మెత్తబడిపోతే రక్తం ఆగకుండా పోయి, చూస్తుండగానే పరిస్థితి చేయి దాటిపోతుంది. కవలలు, బాగా బరువున్న బిడ్డ, గంటల తరబడి సాగిన నొప్పులు ఈ ముప్పును పెంచుతాయి. ఇవేవీ లేకపోయినా ఇలా రక్తస్రావం కావచ్చు, కాబట్టి నార్మల్ డెలివరీ అయినా ఆ రోజంతా గమనిస్తూనే ఉండాలి.

రక్తహీనత దీన్ని ఇంకా ప్రమాదకరం చేస్తుంది. ఉదాహరణకు, హిమోగ్లోబిన్ 12 ఉన్నామె ముప్పావు లీటరు రక్తం పోయినా సాధారణంగా తట్టుకుంటుంది. 6 ఉన్నామెకు అంతే పోతే ప్రాణం మీదికి వస్తుంది.

గర్భంతో వచ్చిన బీపీ కాన్పుతోనే పోతుందని చాలామంది అనుకుంటారు. వెంటనే పోదు. దానివల్ల కాన్పయ్యాక 6 వారాల వరకు ఫిట్స్ రావచ్చు. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం కనిపిస్తే బాలింత నీరసమని సరిపెట్టుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.