ఫుకుషిమా లాంటి చోట పనిచేయాలంటే ఏ బ్రాంచి తీసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. 2011 భూకంపం తర్వాత జపాన్‌లోని ఫుకుషిమా రియాక్టర్లను ఎలా అదుపులోకి తెచ్చారో చదివినప్పటి నుంచి, అదే పని నేర్చుకుంటానని, న్యూక్లియర్ ఇంజినీరింగ్‌లోనే చేరతానని పట్టుబడుతోంది. మావారేమో కంప్యూటర్ సైన్స్ అంటున్నారు. నాకు రేడియేషన్ భయం. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ అమ్మాయి కోరిక మంచిది, దాన్ని నీరుగార్చకండి. బీటెక్‌లోనే న్యూక్లియర్ ఇంజినీరింగ్ కావాలన్న పట్టుదల మాత్రం సడలించుకోవాలి. ఎందుకో తెలియాలంటే అప్పుడు అక్కడ జరిగిన పనులేమిటో చూడాలి.

2011 మార్చి 11 మధ్యాహ్నం 2.46 గంటలకు 9.0 తీవ్రతతో భూమి కంపించగానే ఫుకుషిమా దాయిచి అణు విద్యుత్ కేంద్రంలో నడుస్తున్న మూడు రియాక్టర్లూ వాటంతటవే ఆగిపోయాయి. అసలు కష్టం అక్కడే మొదలైంది. రియాక్టర్ ఆగినా లోపలి ఇంధనం వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. కొన్ని గంటల తర్వాత కూడా పూర్తి సామర్థ్యంలో దాదాపు ఒక శాతం వేడి మిగులుతుంది. రెండో యూనిట్ (రియాక్టర్) ఉష్ణ సామర్థ్యం 2381 మెగావాట్లు, అంటే ఒక శాతమే సుమారు 24 మెగావాట్లు. దాన్ని రాత్రింబవళ్లు నీటితో లాగేయాలి. భూకంపానికి బయటి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. సుమారు 50 నిమిషాల తర్వాత వచ్చిన సునామీ ఆ జనరేటర్లనూ కరెంటు పంపిణీ బోర్డులనూ ముంచేసింది. పంపులు ఆగాయి, కంట్రోల్ రూములో మీటర్లు ఆరిపోయాయి. నీరు తగ్గి ఇంధన కడ్డీలు బయటపడ్డాక, వాటి మీది జిర్కోనియం అనే లోహపు తొడుగు ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్‌ను పుట్టించింది. ఒకటి, మూడు, నాలుగు యూనిట్ల భవనాలు పేలడానికి కారణం ఆ హైడ్రోజనే.

అక్కడి సిబ్బంది ఆవరణలోని వాహనాల బ్యాటరీలు తెచ్చి మీటర్లకు కలిపి నీటి మట్టం చూశారు. ఫైరింజన్లతో సముద్రపు నీటిని లోపలికి ఎక్కించారు. పీడనం తగ్గించడానికి చీకట్లో, రేడియేషన్ మధ్య వాల్వులను చేత్తో తెరవబోయారు. నాలుగో యూనిట్‌లో వాడిన ఇంధనాన్ని నిల్వ ఉంచిన కొలనుకు, పొడవాటి చెయ్యి ఉన్న కాంక్రీటు పంపుతో నీళ్లు పోశారు. మళ్లీ పేలుళ్లు జరగకుండా ఏప్రిల్‌లో నైట్రోజన్ పంపారు. ఆ తర్వాత, లీకైన నీటినే శుద్ధి చేసి తిరిగి చల్లబరచడానికి వాడే ఏర్పాటు చేశారు. రియాక్టర్లు స్థిరంగా చల్లబడిన స్థితికి వచ్చాయని ప్రభుత్వం ప్రకటించింది డిసెంబరు 16న.

దక్షిణాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని ఫుకుషిమా దాయిని అనే మరో అణు విద్యుత్ కేంద్రం కథ ఇంకా గొప్పది. మీ అమ్మాయి దాన్ని తప్పక చదవాలి. అక్కడ నాలుగింటిలో మూడు రియాక్టర్ల వేడిని సముద్రంలోకి వదిలే పంపులు పనిచేయకుండా పోయాయి. బయటి కరెంటు లైను ఒకటి మాత్రం మిగిలింది. దాదాపు 200 మంది బరువైన కేబుళ్లను భుజాల మీద మోసి, మొత్తం 9 కిలోమీటర్ల మేర దాదాపు ఒక్క రోజులో వేశారు. పాడైన మోటార్లు మార్చారు. మార్చి 15 నాటికి నాలుగు రియాక్టర్లూ చల్లబడ్డాయి, ఒక్కదానిలోనూ ఇంధనం కరగలేదు. ఇది ఎలక్ట్రికల్, మెకానికల్ పని తెలిసినవారి విజయం.

అందుకే మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్, కెమికల్, మెటలర్జీలలో ఏదో ఒకటి గట్టిగా చదవమనండి. మన దేశంలో బీటెక్ స్థాయిలో న్యూక్లియర్ ఇంజినీరింగ్ ఉన్న కళాశాలలు చాలా తక్కువ, ఆ అవసరమూ లేదు. బీటెక్ తర్వాత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూలు ఉంది. గేట్ (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) స్కోరుతో లేదా వాళ్ల పరీక్షతో ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఎంపికైతే స్టైపెండ్ ఇస్తూ ఏడాది శిక్షణ ఇచ్చి సైంటిఫిక్ ఆఫీసరుగా తీసుకుంటారు. అణు విద్యుత్ కేంద్రాలు నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ కూడా గేట్ ద్వారా ఎగ్జిక్యూటివ్ ట్రైనీలను చేర్చుకుంటుంది. మెటలర్జీ గురించి ఒక మాట. మన రియాక్టర్ల జిర్కోనియం మిశ్రమ గొట్టాలు తయారయ్యేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లోనే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన అణు విద్యుత్ కేంద్రాన్ని నమ్ముకుని మాత్రం ఇప్పుడే లెక్కలు వేసుకోవద్దు, అక్కడింకా రియాక్టర్లు లేవు.

మీవారి మాటా తీసిపారేయదగింది కాదు. దాయిచిలో కరిగి గడ్డకట్టిన ఇంధన శిథిలాలు సుమారు 880 టన్నులు ఉన్నాయని అంచనా. మనిషి దాని దగ్గరికి వెళ్లలేడు. 2024 నవంబరులో దూరం నుంచి నడిపే పరికరంతో తొలిసారి బయటికి తీసిన నమూనా ఒక గ్రాము కూడా లేదు. పెద్ద ఎత్తున తీయడం 2037లో గాని, ఆ తర్వాత గాని మొదలవుతుందంటున్నారు. అప్పటికి మీ అమ్మాయికి ముప్ఫయ్యేళ్లు అటూఇటూగా ఉంటాయి. కంప్యూటర్ సైన్సే తీసుకుంటే రోబోటిక్స్, కంట్రోల్ సిస్టమ్స్ దానికి తోడవ్వాలి. ఉత్త కోడింగ్‌తో ఈ రంగంలోకి రావడం కష్టం.

ఇక మీ భయం. ప్రమాదమే లేదని నేను చెప్పను. ఫుకుషిమాలో సిబ్బందికి అత్యవసర రేడియేషన్ పరిమితిని 100 నుంచి 250 మిల్లీసీవర్టులకు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలమానం) పెంచారు, ఆరుగురు దాన్నీ దాటారు. మామూలు రోజుల్లో పరిస్థితి వేరు. మన దేశంలో రేడియేషన్ మధ్య పనిచేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులే అనుమతి, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ప్రతి ఒక్కరి మోతాదునూ బ్యాడ్జీతో కొలిచి నమోదు చేస్తారు. గర్భిణి అని తెలియజేశాక కడుపులోని బిడ్డకు ఒక మిల్లీసీవర్టు మించకుండా పని మార్చాలి. పైగా డిజైను, విశ్లేషణ, రోబోల తయారీ లాంటి పనులు రియాక్టరుకు దూరంగా జరిగేవే.

జపాన్ వెళ్లాలని ఉంటే బీటెక్ మొదటి ఏడాదిలోనే జపనీస్ మొదలుపెట్టాలి. అక్కడి పని జపనీస్‌లోనే నడుస్తుంది. పీజీకి జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఉంది, సెందాయ్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం ఈ చదువుకు మంచి చోటు. ప్రస్తుతానికి జేఈఈ, ఈఏపీసెట్ మీదే దృష్టి పెట్టనివ్వండి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు, మంచి కళాశాలలో మెకానికల్, ఎలక్ట్రికల్ దొరుకుతుంటే, నాసిరకం కళాశాలలోని కంప్యూటర్ సైన్స్ కన్నా వాటినే పైన పెట్టమనండి.