సందేహాలు – సమాధానాలు: ఎక్కింది అరంగు, వేసుకుంది రంగు

సందేహం: అయ్యా, మా ఊరి పత్రిక కోసం నెలకొక రంగస్థల కళాకారుణ్ణి కలిసి ముఖాముఖి రాస్తుంటాను. మొన్న ఒక పెద్దాయనను, అరవై ఏళ్లుగా పద్యనాటకాలు ఆడుతున్నవారిని, "మీ అరంగేట్రం ఎప్పుడు జరిగిందండీ?" అని అడిగాను. ఆయన నవ్వేసి, "అరంగేట్రాలు మద్రాసు పిల్లలకమ్మా! నేను పదకొండో ఏట మొహానికి రంగేసుకున్నాను, అంతే" అన్నారు. అరంగేట్రం తెలుగు మాట కాదా? అరంగేట్రమా, ఆరంగేట్రమా? దానికి బదులు రంగప్రవేశం అనవచ్చా? 'ఇంటర్వ్యూ'కు 'ముఖాముఖి' సరైన మాటేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, చిన్నవి ముందు తేల్చేద్దాం. 'ఆరంగేట్రం' తప్పు. పక్కనే 'ఆరంభం' మెదులుతూ ఉండబట్టి దాని దీర్ఘం వచ్చి దీనికి అంటుకుంది. పత్రికల్లోనూ టీవీ స్క్రోలింగుల్లోనూ రోజూ కనబడుతున్నంత మాత్రాన ఒప్పు కాదు.

'ముఖాముఖి' సంగతి కొంచెం తమాషా. కేశాకేశి, ముష్టాముష్టి, దండాదండి – ఈ అచ్చులో పోసిన మాటలన్నీ కొట్లాటవే. జుట్టూ జుట్టూ పట్టుకొని కొట్టుకుంటే కేశాకేశి. పాణిని 'తత్ర తేనేదమితి సరూపే' అని సూత్రం చేసింది ఆ కలబడేవాళ్ల కోసమే. ముఖాముఖి కూడా ఆ బంతిలోనే కూచుంటుంది. వాడుకలో కొట్లాట వాసన పోయింది కనుక, ఎదురుగా కూచుని మాట్లాడినదాన్ని ముఖాముఖి అంటే నాకు అభ్యంతరం లేదు. ఫోనులో పావుగంట మాట్లాడి, ముఖం ఎలా ఉంటుందో కూడా చూడకుండా, పైన పెద్దక్షరాలతో 'ముఖాముఖి' అని వేస్తున్నారే, అది మాత్రం పంటి కింద రాయి. ఇంటర్వ్యూ అనండి, ఏం పోయింది? రైలు, టిక్కెట్టు మనవి అయినట్టే అదీ మనదైపోయింది.

ఇక అసలు మాటకు వస్తాను.

అరంగేట్రం తమిళం. అరంగు అంటే రంగస్థలం, ఏట్రం అంటే ఎక్కడం. వాళ్లు రాసేది శకట రేఫల (ఱ) జంటతో, పలికేది ఇంచుమించు 'ట్ర' అని. మనం చెవితో విన్నదాన్ని విన్నట్టు రాసుకున్నాం. ఆ శకట రేఫల జంట తెలుగులో చాలాచోట్ల 'ట్ట' అవుతుంది. వాళ్ల సుఱ్ఱు మన చుట్టు, వాళ్ల పఱ్ఱు మన పట్టు, వాళ్ల పుఱ్ఱు మన పుట్ట. మరి ఏఱ్ఱం? దీర్ఘం తర్వాత జంట హల్లు మనకు సాధారణంగా నిలవదు. పొలం గట్టుకు వెళ్లి చూడండి, అక్కడుంది. ఏతం! నీళ్లు తోడే ఏతాన్ని తమిళులు ఏట్రమనే అంటారు. పొడుగాటి మాను మీద మనిషి అటూ ఇటూ నడుస్తుంటే ఒక కొస లేస్తుంది, ఒక కొస దిగుతుంది. కిందివాడు బానను గుంటలో ముంచి, పైకొచ్చాక కాలవలోకి వంచుతాడు. ఎక్కడం దిగడం తప్ప అందులో వేరే పని లేదు కనుక దానికా పేరు. పట్టుచీర కట్టిన అరంగేట్రానికీ గోచీ పెట్టిన ఏతానికీ చుట్టరికం ఉందంటే ఆహ్వానపత్రిక అచ్చువేయించినవారికి రుచించకపోవచ్చు గానీ, మాటల కులగోత్రాలు అలాగే ఉంటాయి.

ఎక్కడం అన్నది ఊరికే అలంకారం కాదు. తమిళ కావ్యం సిలప్పదికారంలో 'అరంగేట్రు కాదై' అని మాధవి అనే నర్తకి తొలి నాట్యానికి ఒక ఘట్టమే ఉంది. ఐదో ఏట మొదలుపెట్టి ఏడేళ్లు నేర్చి, పన్నెండో ఏట చోళరాజు ఎదుట ఆడింది. కవి ఆ వేదికకు వడ్రంగి లెక్క చెబుతాడు. కణుపుకూ కణుపుకూ మధ్య జానెడు ఉన్న వెదురు తెచ్చి, 24 అంగుళాల కోల కొట్టాలి. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, బొటనవేలి వెడల్పు. ఆ కోలతో వేదిక వెడల్పు 7, పొడవు 8, ఎత్తు 1. పైన వేసిన పలకకూ వేదిక పలకకూ మధ్య 4 కోలలు. రాకపోకలకు రెండు వాకిళ్లు, మూడు రకాల తెరలు. వేలి వెడల్పును ముప్పావు అంగుళంగా లెక్కేస్తే వేదిక నేలకు అడుగున్నర ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు ఉంది కాబట్టే ఆ పిల్ల 'కుడికాలు ముందు మోపి ఎక్కి' రంగం మీద నిలిచిందంటాడు. ఎక్కి అన్నచోట తమిళంలో ఉన్నది 'ఏఱి', మన ఏట్రానికి తల్లి. రాజు తలైక్కోలి అనే బిరుదూ 1008 కళంజుల తూకం బంగారమూ ఇచ్చాడు. అదీ అరంగేట్రం. ఏళ్ల తరబడి గురువు దగ్గర నేర్చి, తెలిసినవాళ్ల ముందు ఒంటరిగా నిలబడి, పరీక్ష నెగ్గడం. తమిళులు దీన్ని గ్రంథాలకూ వాడతారు. కవి తన కావ్యాన్ని సభలో చదివి ఒప్పించడం కూడా అరంగేట్రమే. కంబరామాయణానికి శ్రీరంగంలో జరిగిందని చెప్పుకుంటారు.

నిన్న టోపీ పెట్టుకొని మైదానంలోకి దిగిన కుర్రాడికి 'టెస్టుల్లో అరంగేట్రం' అని రాస్తున్నారు. దిగినవాడికి ఎక్కడమేమిటి? నాయకుడి కొడుకు రాజకీయ అరంగేట్రం, కొత్త ఫోను మార్కెట్లో అరంగేట్రం... పోనివ్వండి, ఫోనుకు గురువెవరు?

అరంగు ఎక్కడిది అన్నది మీ పెద్దాయన కోసం చెప్పాలి. తమిళంలో మాట రేఫతో మొదలుకాదు, ముందొక అచ్చు కావాలి. రాముడు ఇరామన్, రంగడు అరంగన్, శ్రీరంగం తిరువరంగం. అలాగే సంస్కృత రంగం అరంగు అయిందని చాలామంది అనేది. కాదు, అది మా సొంత మాటేనని వాదించే తమిళులూ ఉన్నారు. (మన వీధి అరుగును తెచ్చి దీనికి ముడిపెట్టాలని ఎవరికైనా సరదా పుడితే పుట్టవచ్చు. చెవికి బాగున్నంత మాత్రాన వ్యుత్పత్తి అయిపోదు.) మొదటి మాటనే ఒప్పుకుంటే ఒక చిత్రం ఉంది. సంస్కృతంలో రంగ శబ్దానికి ఆటస్థలమనీ అర్థమే, వర్ణమనీ అర్థమే. మన 'రంగు' ఆ రెండో అర్థంలోంచి వచ్చింది. "అరంగేట్రం కాదమ్మా, రంగేసుకున్నాను" అన్నారు చూశారూ, ఆయన మీ మాటను తోసేసి దాని తోబుట్టువునే పట్టుకున్నారు!

ఆ రంగైనా ఊరికే వచ్చేది కాదు. ట్యూబుల రంగులు రాకముందు మొహానికి పూసింది అర్దళం, తెల్లటి సఫేదా, ఎర్రటి ఇంగిలీకం, కాటుక. అర్దళం నిఘంటువుల్లో అరిదళం, సంస్కృతంలో హరితాళం, పసుపుపచ్చటి రాయి. దాన్ని మెత్తగా నూరి జల్లించి, మొహానికి ముందు కొబ్బరినూనె పట్టించి, ఆపైన పూయాలి. నూనె ఎక్కువైతే పెట్రోమాక్సు వేడికి పద్యం మధ్యలో బుగ్గలు కారతాయి. తక్కువైతే నోరు తెరిచి రాగం తీసినప్పుడల్లా పెదవుల పక్కన పగుళ్లు పడతాయి. అర్దళంలో ఉన్నది పాషాణమనే విషం, ఇంగిలీకంలో ఉన్నది పాదరసం. రాత్రంతా ఉంచుకొని తెల్లవారాక నూనెతో తీయాలి. 'మొహానికి రంగేసుకున్నాను' అన్న మూడు మాటల్లో ఇంత ఉంది. 'నట జీవితాన్ని ప్రారంభించారు' అని మీరు దాన్ని ఉతికి ఆరేస్తే ఏం మిగులుతుంది?

మనవాళ్లకు ఇంకో క్రియ ఉంది: కట్టు. నాకు దీని మీద కాస్త పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. వేషం కడతారు, గజ్జె కడతారు, మేళం కడతారు, తెర కడతారు, పాటకు వరస కడతారు, ఊరివాళ్లంతా కలిసి నాటకం కడతారు. తెలంగాణలో 'ఏషం గట్టిండు' అంటారు. కన్ను కట్టేస్తే కనికట్టు, అల్లేస్తే కట్టుకథ. చివరికి ఆట ముగిసినా ఆటకట్టే. వేషం 'వేయడం' కూడా ఉంది గానీ, 'కట్టడం'లో తాళ్లు కనబడతాయి. కిరీటమూ భుజకీర్తులూ తేలిక కర్రతో చేసి, అద్దాలు అతికి, ఒంటికి తాళ్లతో బిగించేవారు. బిగువు ఎక్కువైతే ఊపిరి అందక దరువు తెగుతుంది, తక్కువైతే ఒక చుట్టు తిరిగేసరికి భుజకీర్తి వీపు మీదికి జారుతుంది. అంచేత కట్టేవాడికీ ఒక విద్య ఉంది.

గజ్జెకైతే శాస్త్రమే ఉంది. కంచుతో చెయ్యాలి, నీలిదారానికి గుచ్చాలి, గజ్జెకూ గజ్జెకూ మధ్య ముడి వేయాలి, కాలికి వందో రెండు వందలో ఉండాలి అంటుంది అభినయదర్పణం. ముడి ఎందుకో గుచ్చినవాళ్లకు తెలుసు. ముడి లేని దారం ఒక్కచోట తెగిందా, అన్నీ రాలి వేదిక మీద దొర్లుతాయి, తర్వాత అడుగు వాటి మీదే. పైగా ముడి లేకపోతే గజ్జెలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, మోత ముద్దగా వస్తుంది.

ఇక్కడ పాల్కురికి సోమనను తలవకుండా ఉండలేను. పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనాన్ని చూపిస్తూ,

ఆదట గంధర్వ యక్ష విద్యాధ
రాదులై పాడెడు నాడెడువారు

అంటాడు. 'ఆదులై' అన్నాడు, గమనించండి. గంధర్వులలా కాదు, గంధర్వులై! వేషం కట్టడమంటే అంతే కదా. ఆ గుంపులోనే 'రమణ బంచాంగ పేరణి యాడువారు' కూడా ఉన్నారు. పంచాంగమంటే ఇక్కడ తిథి వార నక్షత్రాలు కావు. పేరణి అనే నాట్యానికి ఐదు అంగాలని లక్షణకారులు చెప్పారు, వాటిలో మొదటిది ఘర్ఘరం. కాలి గజ్జెల్ని అదుపులో ఉంచి పలికించడం. అన్నీ ఒక్కసారి మోగించడం ఎవరైనా చేస్తారు, కొన్నింటినే మోగించి తక్కినవాటిని ఊరుకోబెట్టడంలో ఉంది పస. అంటే మన ఆటకు ముందు వచ్చేది గజ్జె. వేదిక తర్వాతి మాట. ఆ యాత్రలో ఆడినవాళ్లు ఎక్కడానికి వేదికలేవి? వీధే వాళ్లకు రంగం. వీధిభాగవతమని పేరు వచ్చింది ఊరికే కాదు.

అయితే 'గజ్జె కట్టడం' ఎందుకు వెనకబడిందన్నది కూడా న్యాయంగా చెప్పాలి. ఆటపాటలే వృత్తిగా ఉన్న కళావంతుల ఇళ్లలో గజ్జెపూజ ఆడపిల్ల బతుకును ఒక దారికి కట్టేసిన తంతు కూడా. 1947లో మద్రాసు శాసనం ఆడపిల్లలను ఆలయాలకు అంకితమివ్వడాన్ని నిషేధించింది. ఆ నాట్యం పెద్దిళ్లకు మారినప్పుడు గజ్జె మాట కొందరికి ఇబ్బందిగా తోచి, మద్రాసు నుంచి వచ్చిన అరంగేట్రం గౌరవంగా వినబడి ఉంటుందని నా ఊహ. ఇవాళ కూచిపూడి పిల్లలు మళ్లీ ధీమాగా 'గజ్జె కట్టాను' అంటున్నారు, సంతోషం.

రంగప్రవేశం సంస్కృతమే, శుద్ధమే. కన్నడిగులు నాట్యానికి అదే వాడతారు, కూచిపూడి నేర్పే మనవాళ్లు అమెరికాలోనూ ఆహ్వానపత్రికల మీద అదే వేస్తున్నారు. చిక్కల్లా ఏమిటంటే, నాటకంలో ప్రవేశం రాత్రికి పదిసార్లు జరుగుతుంది. సంస్కృత నాటకాల్లో 'తతః ప్రవిశతి' (ఆపైన ప్రవేశిస్తాడు) అన్నచోటల్లా రంగప్రవేశమే. భామాకలాపంలో ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా జడ ఇవతలికి వేసి, ప్రవేశ దరువు అందుకున్న సత్యభామది రంగప్రవేశం. వేదాంతం సత్యనారాయణశర్మగారు దాన్ని ఎన్ని వందల రాత్రులు చేశారో! ప్రతిసారీ తొలిసారి కాదు కదా. అందుచేత 'తొలి రంగప్రవేశం' అంటే పేచీ ఉండదు.

మీరు అడిగేటప్పుడు మనిషిని చూసి మాట ఎంచుకోండి. భరతనాట్యం నేర్చిన అమ్మాయినైతే అరంగేట్రం అనే అడగండి, అది ఆ విద్య మాట. కూచిపూడివారిని, హరిదాసుగారిని గజ్జె ఎప్పుడు కట్టారనండి. బుర్రకథవారినైతే ముందు వంత పాడారా, నేరుగా కథకులయ్యారా అని అడిగితే సంగతి దానంతట అదే వస్తుంది. పాటకచ్చేరివారిని తొలి కచ్చేరి అంటే చాలు. నాటకాలవారిని మీ పెద్దాయన నేర్పినట్టే అడగండి. సురభివారి దగ్గర మాత్రం జాగ్రత్త. 1885లో మొదలైన ఆ కుటుంబాల్లో ఊయలలోని బిడ్డను కూడా వేదిక మీదికి తెస్తారు. ఎప్పుడు మొదలుపెట్టారని అడిగితే ఏం చెబుతారు?

అరంగేట్రాన్ని మన నిఘంటువుల్లోంచి తరమాలని నేననను. వచ్చిన చుట్టం, ఉండనివ్వండి, మన మాటల చాప లాగేయకపోతే సరి. అన్నట్టు, మీరు ఉత్తరంతో జతచేసిన వ్యాసంలో 'వెయ్యి ప్రదర్శనలు ఇచ్చారు' అని ఉంది. ఆటను ఇవ్వరమ్మా, ఆడతారు. కథ చెబుతారు, కచ్చేరి చేస్తారు. 'తన అరవై ఏళ్ల ప్రస్థానం' అనీ రాశారు. ప్రస్థానమంటే బయలుదేరడం. అరవై ఏళ్లూ గుమ్మంలోనే ఉన్నారా ఆయన?

ఈసారి వెళ్లినప్పుడు, పదకొండో ఏట ఆ రంగు ఎవరు వేశారో, అది అర్దళమో ట్యూబు రంగో అడిగి, ఆయన చెప్పిన మాటల్లోనే రాసుకురండి.