బయాప్సీకి ముందు ఒక్క మాత్ర చాలా అంటే: నాకు జరిగింది ఇది

మీ నాన్నగారికి పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి సమస్యను పసిగట్టే రక్త పరీక్ష) ఎక్కువ వచ్చిందని, ప్రోస్టేట్ బయాప్సీ (ఆ గ్రంథి నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించడం) రాశారని, ముందు వేసుకోమని ఒకే ఒక్క యాంటీబయాటిక్ మాత్ర ఇచ్చారని, అది సరిపోతుందా అని అడిగారు. నేను ఈ బయాప్సీ రెండుసార్లు చేయించుకున్నాను. మొదటిసారి ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో పడ్డాను.

అప్పుడు మలద్వారం గుండా చేశారు. స్కాన్ ప్రోబ్ లోపల పెట్టి సూదితో 12 ముక్కలు తీశారు. ఒక్కో ముక్కకీ స్టేప్లర్ కొట్టినట్టు టక్కుమని చప్పుడు. నొప్పి కన్నా ఆ చప్పుడుకే ఎక్కువ ఉలిక్కిపడ్డాను. ఈ పద్ధతిలో సూది పేగు గోడను దాటి ప్రోస్టేట్‌లోకి వెళ్తుంది కాబట్టి పేగులోని ఈ-కోలై బ్యాక్టీరియా కూడా దాంతోపాటు లోపలికి పోవచ్చు. అందుకే ముందుగా మాత్ర. నాకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు, చెప్పిన టైముకే వేసుకున్నాను.

రెండో రోజు రాత్రి చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి. జ్వరం 102. పారాసెటమాల్ వేసుకుని పొద్దున చూద్దాం అన్నాను. మా ఆవిడ వినలేదు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. వినకపోవడమే మంచిదైంది. కల్చర్‌లో (ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షలో) ఈ-కోలై వచ్చింది, అదీ సిప్రోఫ్లాక్సాసిన్‌కి లొంగని రకం. ఐదు రోజులు ఇంజెక్షన్లు ఎక్కించారు.

అంతకు రెండు నెలల ముందు మూత్రంలో మంటకి అదే మందు వారం రోజులు వాడాను. బయాప్సీకి ముందు ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు.

కాబట్టి ఒక్క మాత్రే అని టెన్షన్ పడకండి, చాలాసార్లు ఒక్క డోసు చాలు. ఆ మందుకి ఆయన ఒంట్లోని బ్యాక్టీరియా లొంగుతుందా లేదా అన్నదే అసలు సంగతి. గత ఆరు నెలల్లో వాడిన యాంటీబయాటిక్స్, ఆసుపత్రిలో చేరడం, షుగర్, క్యాథెటర్ (మూత్రానికి వేసే గొట్టం), పాత యూరిన్ ఇన్ఫెక్షన్లు, అన్నీ కాగితం మీద రాసి డాక్టర్ చేతికివ్వండి. యూరిన్ కల్చర్ చేశారో లేదో, మలద్వారం లోపల క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేస్తారో లేదో అడగండి. ముందే మలద్వారం లోపల దూదిపుల్లతో స్వాబ్ తీసి ఏ మందు పనిచేస్తుందో చూసే పద్ధతి కూడా ఉంది. రాసింది సిప్రోఫ్లాక్సాసిన్ అయితే ఇంకో మాట: నరాలు, కండరాల స్నాయువుల మీద దుష్ప్రభావాల వల్ల 2019లో యూరోపియన్ యూనియన్ ఆ కోవ మందులను ఈ బయాప్సీకి ముందుజాగ్రత్తగా వాడే అనుమతి తీసేసింది.

రెండోసారి నాకు వృషణాలకీ మలద్వారానికీ మధ్య చర్మం గుండా చేశారు. సూది పేగును తాకదు కాబట్టి ఇన్ఫెక్షన్ చాలా తక్కువ. కూర్చుంటే రెండు రోజులు సలిపింది, అంతే. మీ దగ్గర ఆ వీలుంటే నేనైతే అదే అడుగుతాను.

తర్వాత మూత్రంలో కాస్త రక్తం కొన్ని రోజులు, వీర్యంలో కొన్ని వారాలు కనిపించడం మామూలే. చలి, 100.4 దాటిన జ్వరం, మూత్రం రాకుండా ఆగిపోవడం మాత్రం మామూలు కాదు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అక్కడ జ్వరం అని మాత్రమే చెప్పకండి. బయాప్సీ ఏ రోజు చేశారో, ముందు ఏ మాత్ర ఇచ్చారో మొదటి మాటగా చెప్పండి.